బొమ్మి బుగ్గ మీద చుక్క

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పెనుకొండలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. పొలం గట్టు దగ్గర మరుదులతో కానీ, కుళాయి దగ్గర పక్కింటి కళావతితో కానీ, నేను దిగిన ఏ గొడవలోనూ వెనక్కి తగ్గింది లేదు. మా ఆయన నాగరాజు తగ్గడానికే పుట్టాడు కాబట్టి ఇల్లు నడిచిపోతోంది.

ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక మేం మేడ మీద రెండు గదులు, వంటిల్లు వేయించాం. ఈ మే నెలాఖరులో అందులోకి కొరియా కుటుంబం ఒకటి దిగింది. కిమ్ సారు, ఆయన భార్య హేజిన్, పదేళ్ల యూనా, ఆరేళ్ల బోమీ. నా నోట చిన్నదాని పేరు మొదటి రోజే బొమ్మి అయిపోయింది. సారుకు కార్ల విడిభాగాల కంపెనీలో రెండేళ్ల పని. అది అయ్యాక మళ్లీ వాళ్ల దేశం వెళ్లిపోతారు. ఇలా వచ్చినవాళ్లు చాలామంది భార్యాపిల్లలను బెంగళూరులో ఉంచి, వారానికోసారి పోయి చూసివస్తుంటారు. అక్కడ వాళ్ల పిల్లలకు తగిన బళ్లున్నాయి, వాళ్ల సరుకులు దొరికే అంగళ్లున్నాయి. హేజిన్ మాత్రం పిల్లలను వెంటబెట్టుకుని నేరుగా పెనుకొండకే వచ్చేసింది.

ఎందుకో తర్వాత యూనా చెప్పింది. ఆ పిల్లకు నెల తిరక్కుండానే మన మాట వచ్చేసింది, అదీ పుస్తకంలో మాట కాదు, మన వీధిలో మాట. ఇంతకుముందు సారు మూడేళ్లు ఇంకో దేశంలో ఒంటరిగా పనిచేశాడట. తిరిగి వచ్చిన రోజు బొమ్మి ఆయన్ను చూసి ఎవరో అనుకుని తలుపు వెనక దాక్కుందట. సారు సూట్‌కేసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడట. ఇంకోసారి ఆ తలుపు వెనక పిల్లను చూడనని హేజిన్ ఆ రోజే అనుకుంది. అందుకే ఆమెకు బెంగళూరు పేరు చెబితే గిట్టదు.

చెప్పులు గడప బయట విప్పి, నేల మీద కూర్చుని తిని, పచ్చడిలో వెల్లుల్లి, మిరప్పొడి దండిగా వేసుకునేవాళ్లను చూసి సగం మనవాళ్లే అనుకున్నాను. ఆ సగమే నన్ను ముంచింది.

హేజిన్ మొండిది. నాకు మొండివాళ్లంటే ఇష్టం. కంపెనీ కారు ఉన్నా సంచి పట్టుకుని మార్కెట్‌కు నడిచేది. కూరగాయల సుబ్బమ్మ ధర చెప్పగానే వేళ్లతో సగం చూపించేది, ఆ విద్య నేను నేర్పిందే. వాళ్ల పచ్చడికి పొడుగు క్యాబేజీ కావాలట. హిందూపురం మార్కెట్ అంతా వెతికినా గుండ్రటివే దొరికాయి. ఒక పూట దిగులుపడి, ఆ గుండ్రటివాటితోనే పెట్టేసింది. రోజుకు ఐదు చొప్పున తెలుగు అక్షరాలు దిద్దేది. బడి తెరిచిన వారమంతా పిల్లకు తోడుగా తనే బొమ్మి తరగతి బయట మెట్టు మీద కూర్చుంది. ఇక్కడ పెద్దవాళ్లు ఏం చేస్తే అది నేర్చుకోవాలి, కాదనకూడదు అని పిల్లలిద్దరికీ గట్టిగా చెప్పింది.

జూన్ చివర్లో మా చెల్లెలి కూతురి పెళ్లికి పట్టుచీరలు తేవడానికి ధర్మవరం పోతూ వీళ్లను కూడా తీసుకుపోయాను. అది నా పొరపాటు. అంగడిలో చీరలు పరిచేవాళ్లు, కొనడానికి వచ్చినవాళ్లు, బయట టీ తాగుతున్నవాళ్లు అందరూ బొమ్మి చుట్టూ మూగి ఫోన్లు ఎత్తారు. ఒకామె బుగ్గ గిల్లి ముద్దు పెట్టుకుంది. ఒకాయన అడగకుండానే ఎత్తుకుని సెల్ఫీ దిగాడు. నేను నోరు చేసుకుని అందరినీ తరిమేసరికి పిల్ల మొహం వాడిపోయింది. ఇల్లు చేరేసరికి ఒళ్లు కాలిపోతోంది.

డాక్టరు మాత్ర ఇచ్చాడు. దిష్టికి మాత్ర ఉండదు కదా. ఉప్పు, ఎండుమిరపకాయలు చేతిలో పట్టుకుని మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేశాను. మిరపకాయలు చిటపటలాడాయి కానీ ఘాటు రాలేదు. దిష్టి ఎంత తగిలిందో చూడండి. రెండు రోజులకు జ్వరం దిగింది. బడికి పోయే పొద్దున నా కాటుక భరిణె తీసి, బొమ్మి ఎడమ బుగ్గ మీద కందిగింజంత చుక్క పెట్టాను. ఆరేళ్ల పిల్లకు బుగ్గ మీద ఎందుకు, అరికాలిలో పెట్టు అన్నాడు మా ఆయన. అరికాలు బూట్లోకి పోతే ఏ కంటికి కనపడుతుంది అని ఆయన నోరు మూయించాను. హేజిన్ చేతులు కట్టుకుని చూసి, నాకు తల వంచి దండం పెట్టింది. సాయంత్రం దాకా తుడుచుకోవద్దని పిల్లకు చెప్పింది కూడా.

అప్పటినుంచి ప్రతి పొద్దున అదే పని. పిల్ల మెట్లు దిగి వచ్చి నా ముందు నిలబడేది. నేను చుక్క పెట్టేదాన్ని. ఒక్కసారి కూడా వద్దనలేదు.

రెండు వారాలు పోయాక టీచరు మేరీ ఇంటికి వచ్చింది. బొమ్మి ఎడమ చెయ్యి బుగ్గ మీద నుంచి తీయడం లేదని చెప్పింది. అన్నం డబ్బా మూత తీయడానికి రెండు చేతులు కావాలి కాబట్టి డబ్బా మూసింది మూసినట్టే ఇంటికి వస్తోందట. ఆటలకు పిలిస్తే గోడకు ఆనుకుని నిలబడుతుందట. బడిలో ఇంతవరకు ఒక్క మాట కూడా మాట్లాడలేదట, ఏ భాషలోనూ. మేరీకి పంటినొప్పి అని అనుమానం. పుట్టపర్తి తీసుకుపోయి ఆసుపత్రిలో చూపించాం. పళ్లన్నీ ముత్యాల్లా ఉన్నాయన్నారు.

పళ్లు బాగున్నాయంటే ఇది దిష్టే అని నేను తీర్మానించాను. కందిగింజంత చుక్కను పావలా బిళ్లంత చేశాను.

జూలై మూడో వారానికి పిల్ల సగమైంది. గురువారం పొద్దున మేడమెట్ల మీద కూర్చుని లేవలేదు. ఏడవలేదు, మారాం చేయలేదు, ఊరికే కూర్చుంది. బడి గంట మోగింది, అయిపోయింది. సాయంత్రం కిమ్ సారు వచ్చాక పైన మాటలు పెరిగాయి. బెంగళూరు బడిలో సీటుందట, నెలాఖరులోగా చేరాలట. ఆదివారం నలుగురం పోయి ఇల్లు చూసి వద్దాం, పిల్ల ఇక్కడ చిక్కిపోతుంటే చూడలేను, నేను వారానికోసారి వచ్చి పోతాను అన్నాడట సారు. ఆయన తప్పేమీ లేదు. ఏ తండ్రయినా అదే అంటాడు.

కాసేపటికి హేజిన్ కిందికి వచ్చి నా వంటింట్లో పీట మీద కూర్చుంది. ఆమెకు వచ్చిన తెలుగు మాటలు ఒక యాభై ఉంటాయేమో. వాటిలోంచి ఏరుకుని ఏరుకుని నాలుగు బయటికి తీసింది.

"అవ్వా. నలుగురు. ఒక ఇల్లు."

అంతే అంది. కళ్లలో నీళ్లున్నాయి కానీ దవడ బిగించే ఉంది. శుక్రవారం ఎట్లయినా పిల్లను బడికి పంపే తీరాలని నేనూ అప్పుడే అనుకున్నాను. పంపకపోతే నా పేరు అలివేలమ్మ కాదు.

శుక్రవారం పొద్దున భరిణె పట్టుకుని మెట్ల దగ్గరికి పోయాను. బొమ్మి నిన్నటి మెట్టు మీదే కూర్చుని ఉంది. పక్కన యూనా, వెనక హేజిన్. నా చేతిలో భరిణె చూడగానే పిల్ల కళ్ల నుంచి నీళ్లు జారాయి. నోట్లోంచి చప్పుడు రాలేదు. మెల్లగా లేచి నిలబడి, తనంతట తానే ఎడమ బుగ్గ నా వైపు తిప్పింది. శిక్ష పడాల్సినవాళ్లు చెయ్యి చాచినట్టు చాచింది ఆ బుగ్గను.

వేలు భరిణెలోనే ఆగిపోయింది.

యూనా నా కొంగు పట్టుకుని లాగింది. "అవ్వా, చెల్లి ఏం ఆటలో ఓడిపోయిందో చెప్పు. నిన్న పండుకున్నప్పుడు నాకు చెప్పింది. దినామూ ఓడిపోతానే ఉండానంట. గెలిచేది ఎట్లనో నిన్ను అడగమంటాంది."

నాకు ముందు అర్థం కాలేదు. యూనా విడమరచి చెప్పింది. కొత్త సంవత్సరం పండక్కి వాళ్ల దేశంలో వాళ్ల అవ్వ ఇంట్లో అందరూ కూడి కట్టెపుల్లలు ఎగరేసి ఆట ఆడతారట. ఓడినవాళ్ల బుగ్గకు కుంచెతో నల్ల సిరా పూస్తారట. వాళ్లు దాన్ని పొద్దుగూకేదాకా తుడుచుకోకూడదు. చూసినవాళ్లు నవ్వాలి. అది ఆ ఇంటి సరదా. యూనా నా చుక్కను చూసి ఇది ఇక్కడి చిన్నపిల్లల బొట్టు కాబోలు అనుకుంది. హేజిన్‌కు ఆ ఆట సంగతే గుర్తు రాలేదు. బొమ్మికి మాత్రం నల్లచుక్కంటే తెలిసింది అదొక్కటే. పైగా తుడవకూడదని కన్నతల్లే చెప్పింది. బడిలో పిల్లలు పావలా బిళ్లంత చుక్క చూసి నవ్వనే నవ్వారు. ఆడని ఆటలో ఓడిపోయి, ఎందుకు ఓడిపోయానో అడగడం మర్యాద కాదనుకుని, మూడు వారాలు ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టుకుని తిరిగింది.

సిగ్గుతో చచ్చిపోయాను. పిల్లకు ఊరి కళ్లు తగలకూడదని నేను పడిన పాటుకు, పిల్లను వంచింది నా వేలే. హేజిన్ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

అది ఓటమి కాదు, దిష్టి తగలకుండా పెట్టేది, ముద్దొచ్చే పిల్లలకే పెడతాం అని యూనాతో చెప్పించాను. బొమ్మి శ్రద్ధగా విన్నది. విని మళ్లీ భరిణె వైపే చూసింది. నమ్మలేదు. ఎందుకు నమ్ముతుంది? గెలిచినవాళ్లు అట్లాగే చెబుతారు.

మాటలతో అయ్యే పని కాదని తెలిసిపోయింది. మోకాళ్లు పట్టుకుని మెట్టు మీద కూలబడి, భరిణె బొమ్మి చేతిలో పెట్టాను.

"యూనా, మీ చెల్లికి చెప్పు. ఓడిపోయింది అది కాదు, నేను. తప్పు ఆట ఆడి ఓడిపోయినా. ఇంగ నా మొగానికి పెట్టమను."

యూనా చెప్పింది. బొమ్మి నన్ను చాలాసేపు చూసింది. చూపుడువేలు కాటుకలో ముంచి, నా బుగ్గ మీద ఆవగింజంత చుక్క పెట్టి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇంతేనా?" అన్నాను. "ఇన్ని దినాలకు ఇంతేనా? బాగా పూయమను."

ఈసారి నాలుగు వేళ్లూ ముంచింది. కంటి కింద నుంచి గదమ దాకా పూసేసింది. హేజిన్ గబగబా రుమాలు తీసింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. పొద్దుగూకేదాకా తుడవకూడదన్నది వాళ్ల ఇంటి కట్టుబాటే కదా. బొమ్మి మొహం కడిగించి, ఆ ఉత్త బుగ్గతోనే చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచాను. వాకిట్లో మా ఆయన పేపరు దించి నన్ను చూశాడు. బడికి పోతున్నామని చెప్పాను. మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు. ఆయనకు బాగా చేతనైన పని అదే.

మా ఇంటి నుంచి బడి నాలుగు వందల అడుగులు ఉండదు. ఆ పొద్దున నాలుగు మైళ్లయింది. కుళాయి దగ్గర కళావతి బిందె కింద పెట్టి మరీ చూసింది. ఈమె ముందా అనిపించింది, వెనక్కి తిరిగి ఇంట్లోకి పోదామా అని కూడా అనిపించింది. బొమ్మి చెయ్యి నా చేతిలో ఉంది. నడిచాను. కూరగాయల సుబ్బమ్మ మొగానికి ఏమైందక్కా అని అరిచి అడిగింది.

"ఓడిపోయినాను లేవే," అన్నాను.

"నువ్వా? ఎవరి చేతిలో?"

బొమ్మిని చూపించాను. సుబ్బమ్మ తక్కెడ వదిలేసి పడీ పడీ నవ్వింది. వెనక నుంచి కళావతి నవ్వు కూడా వినబడింది, ఎన్నేళ్ల బాకీయో తీర్చుకుంటున్నట్టు. చెవులు వేడెక్కాయి. ఒక్కొక్కరు నవ్వినప్పుడల్లా బొమ్మి తలెత్తి నా మొహం చూసేది. నేను తల దించుకుంటానా, చెయ్యి అడ్డం పెట్టుకుంటానా అని చూస్తోంది. అరవై ఏళ్ల మనిషిని, నాకే ఇంత కష్టంగా ఉంటే ఆరేళ్లదానికి ఎట్లా ఉండిందో అనుకుంటే ఏడుపు ఆగలేదు. అయినా తల దించలేదు.

బడి గేటు దగ్గర పిల్లలందరూ నన్ను చూసి గొల్లుమన్నారు. మేరీ టీచరు పరుగున వచ్చి, అమ్మా, ఎవరు చేశారిది అంది. నేను నోరు తెరిచేలోపు నా పక్క నుంచి ఒక గొంతు వచ్చింది. సన్నగా, కానీ అందరికీ వినబడేట్టు.

"మా అవ్వ ఓడిపోయింది."

గేటు దగ్గర నవ్వు ఆగిపోయింది. ఆ గొంతు అక్కడ ఎవరూ విననిది. మేరీ మెల్లగా వంగి, మరి గెలిచింది ఎవరు అని అడిగింది. బొమ్మి నా వైపు చూసింది. నేను తల ఊపాను.

"నేను," అంది. చెయ్యి వదిలించుకుని లోపలికి పోయింది.

మా వెనకే వచ్చిన హేజిన్ గేటు బయటే నిలబడి మొగుడికి ఫోన్ చేసింది. వాళ్ల భాషలో నాకు ఒక్క ముక్క రాదు. కానీ ఒక మొండిది కాదని చెబుతుంటే ఇంకో మొండిదానికి తెలియకపోదు. ఆదివారం నలుగురూ మేడ మీదే ఉన్నారు.