ఆరాలు తీసే ప్రోగ్రాం

ఒడ్డుకు చేరి చాలాసేపయినా కరుణాకర్ మనుషులను లెక్కపెడుతూనే ఉన్నాడు. పడవలో ఉన్నవాళ్ళంతా బతికే ఉన్నారు, ఎవరికీ చిన్న గీటు కూడా పడలేదు. అయినా అతను మళ్ళీ మొదటి నుంచి లెక్క ఎత్తుకుంటున్నాడు. తన చేత్తో చేసిన పడవ తన తల్లినీ బిడ్డనూ ముంచబోయిందంటే ఏ మనిషికైనా అలాగే ఉంటుంది. ఇంతకీ తప్పు పడవదా, కంప్యూటర్‌దా, మనుషులదా అంటే, సిరిసిల్లలోని సాంచాల షెడ్డు దగ్గర కథ ఎత్తుకోవాలి.

ఆ షెడ్డులో ఇప్పుడు సాంచాలు, అదే మరమగ్గాలు, లేవు. బట్టకు గిరాకీ పోయాక యజమాని వాటిని తుక్కు కింద అమ్మేశాడు. ఖాళీ షెడ్డును కరుణాకర్ కిరాయికి తీసుకుని ఫైబర్ నీళ్ళ ట్యాంకులు, బాత్‌రూం తలుపులు చేస్తున్నాడు. ఆ పని గల్ఫ్‌లో, అజ్మాన్‌లోని ఒక పడవల కంపెనీలో నేర్చుకున్నాడు. అతను అక్కడ ఉండగానే ఇక్కడ ప్రాజెక్టు కట్టారు, అతని ఊరు తాళ్ళకుంటపల్లె నీళ్ళలోకి పోయింది. ఊరు మునగడాన్ని అతను కూలీల క్యాంపు గదిలో మంచం మీద కూర్చుని ఫోన్‌లో చూశాడు. వీడియో తీసినవాడు ఏడుస్తున్నాడో ఏమో గాని, అందులో సగం ఆకాశమే కనిపించింది. తర్వాత కంపెనీ మూతబడి తిరిగొచ్చినా అతను నీళ్ళ దిక్కు వెళ్ళలేదు. పోయి చూసేదేముంది అనేవాడు. చూడలేక అలా అంటున్నాడని అందరికీ తెలుసు.

ఊరి జనం ఇప్పుడు నిర్వాసితుల కాలనీలో ఉంటున్నారు. పోచమ్మ గుడి మాత్రం గుట్ట మీద ఉండబట్టి మునగలేదు, చుట్టూ నీళ్ళతో ఒంటరిగా మిగిలింది. ఏటా శ్రావణంలో ఊరి పెద్ద పోశం చేపలు పట్టేవాళ్ళ తెప్పను బతిమాలి, ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్ళి బోనం అప్పజెప్పి వచ్చేవాడు. ఈసారి కరుణాకర్‌ను పట్టుకున్నాడు.

"అల్లుడా, అరబ్బోళ్లకు అన్ని పడవలు చేసిచ్చినవు. మన పోచమ్మ కాడికి పోను ఒక్కటి చెయ్యరాదా," అన్నాడు. "ముసలోళ్లంత ఒక్కసారన్న పోవాలె అంటున్నరు. మీ అవ్వ సుత."

ఆ చివరి మాటకు కరుణాకర్ దొరికిపోయాడు. అతని తల్లి రాములవ్వ ఊరు మునిగినప్పటి నుంచి అమ్మవారి ముఖం చూడలేదు. పైకి ఎవరినీ అడగలేదు గాని, శ్రావణం వచ్చిందంటే ఆమెకు ముద్ద దిగేది కాదు.

పడవ చెయ్యడం కరుణాకర్‌కు తెలుసు, గీయడం తెలియదు. అజ్మాన్‌లో గీసేవాళ్ళు వేరు, అచ్చులో ఫైబర్ పరిచే కరుణాకర్‌లు వేరు. గీయడానికి బిడ్డ ఉండనే ఉంది. ప్రవళిక జగిత్యాలలో ఇంజనీరింగ్ చదువుతోంది. తండ్రి గల్ఫ్‌లో ఉన్నన్నాళ్ళూ కోరుట్లలో అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్ల. తాళ్ళకుంటపల్లె ఆమెకు సెలవుల్లో చూసిన ఊరే. ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని షెడ్డుకు వచ్చింది. పడవ అడుగుభాగం గీసే ప్రోగ్రాంలు రెండు ఎక్కించుకొచ్చింది, ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఒకదానికి పచ్చ గుర్తు, ఇంకొకదానికి నీలి గుర్తు. అసలు పేర్లు నోరు తిరగక తండ్రి వాటిని పచ్చది, నీలిది అన్నాడు. అవే స్థిరపడ్డాయి.

ముందు నీలిది తెరిచారు. తెర మీద నాలుగు సన్నగీతలు తప్ప చూడ్డానికి ఏమీ లేదు. ఇక ప్రశ్నలు మొదలయ్యాయి.

"ఎంతమంది ఎక్కుతరని అడుగుతుంది బాపు," అంది ప్రవళిక చదువుతూ. "ఒక్కొక్కల బరువెంత, ఎవలు ఏ దిక్కు కూసుంటరు, అడుగు నుంచి ఎంత ఎత్తుల ఉంటరు. నడుమల లేస్తరా, అందరు ఒక్కదిక్కు జరుగుతరా అని సుత అడుగుతుంది."

"ఇది పడవ గీస్తదా, పిల్లనిస్తదా?" అన్నాడు కరుణాకర్. "గిన్ని ఆరాలు మీ అమ్మను నాకిచ్చేటప్పుడు మీ తాత సుత తియ్యలే."

ప్రవళిక నవ్వింది. "కష్టమే గని, నాకైతే ఇదే మంచిగనిపిస్తుంది. తప్పుంటే ముందుగాలనే చెప్తదట."

"ఆ రెండోది సూడు."

పచ్చది మహా మర్యాదస్తురాలు. పొడవు, వెడల్పు, మొత్తం బరువు అడిగి ఊరుకుంది. చిటికెలో రంగురంగుల పడవను నీళ్ళ మీద తేల్చి చూపించింది. అడుగు కోసుగా, ముక్కు పైకెత్తి, అచ్చం అజ్మాన్ పడవే. కరుణాకర్ స్టూలు ముందుకు జరుపుకున్నాడు. అలాంటివి తన చేతుల మీదుగా ఎన్ని సముద్రంలోకి దిగాయో, ఒక్కదాన్ని కూడా ఇది నాది అనుకునే యోగం లేకపోయింది.

"గిదే కానియ్యి," అన్నాడు.

"మరి మనుషులు లేస్తే ఎట్ల బాపు? ఇది గా సంగతే అడుగలే."

"ఎందుకు లేస్తరు బిడ్డా? అక్కడ పొద్దుగాల మమ్ముల బోటుల పనికి తీస్కపోయేటోళ్లు. కూసోమంటే కూసున్నం, దిగుమంటే దిగినం. ఒక్కడంటే ఒక్కడు లేసుడు నేను సూడలే."

తండ్రి కళ్ళతో చూసి వచ్చినవాడు, తాను బడి బల్ల దాటనిది. ప్రవళిక నీలిదాన్ని మూసేసింది.

అచ్చు తయారైంది, పడవ తయారైంది. కరుణాకర్ అజాగ్రత్త మనిషి కాదు. బల్లల మీద ఇసుక బస్తాలు పేర్చి ముందు వాటినే దగ్గరి చెరువులో తిప్పాడు. బస్తాలు బుద్ధిగా కూర్చున్నాయి. నీళ్ళు పచ్చది గీసిన గీత దగ్గరే ఆగాయి. పోశం అతని వీపు చరిచి, కల్లు తాగకుండానే ఈల వేశాడు.

బోనం రోజున అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగించాడు. "గీ ఎర్ర సంచి నాకెందుకురా," అని రాములవ్వ గొణిగినా వదల్లేదు. ఆమె ఒళ్ళో బోనం కుండ పెట్టుకుని ముందు బల్ల మీద కూర్చుంది. పోశం ఆమె వెనక, మిగతా ముసలివాళ్ళు రెండు పక్కలా సర్దుకున్నారు. ప్రవళిక కుడి చివర కూర్చుంది. కరుణాకర్ వెనక ఇంజన్ హ్యాండిల్ పట్టుకుని, ఎవరూ లేవద్దని అందరికీ వినబడేలా చెప్పాడు. అందరూ తలలూపారు.

గుట్ట ఇంకా దూరంగా ఉండగానే ఎడమవైపు నీళ్ళలో తాటిచెట్లు కనిపించాయి. తలలు రాలిపోయి మొండాలు మిగిలాయి. ఒకప్పుడు వాటిని ఎక్కి కల్లు గీసినవాడు కరుణాకర్ తండ్రి భూమయ్య. ఆయన పోయాకే ఊరు మునిగింది, ఆ ఒక్క సంగతిలో అదృష్టవంతుడు.

"గదిగో, మీ నాయిన ఎక్కిన వంకర చెట్టు," అంది రాములవ్వ. "దాని ఎనుకనే మన దర్వాజ."

అంటూనే కుండ పట్టుకుని లేచింది.

ఆ వంకర చెట్టు చాలు అందరికీ. దాన్ని ఆనవాలు పట్టుకుని ఎవరి గల్లీ వాళ్ళు లెక్కేసుకున్నారు. పోశం లేచి, "మా బర్రెల కొట్టం గా నడిమిట్ల," అన్నాడు. పక్కామె తన బావిని చూపించింది. కుడిపక్క కూర్చున్నవాళ్ళు కూడా చేతులు జోడించుకుంటూ ఎడమపక్కకు వచ్చేశారు. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు. అయినా అందరికీ అన్నీ కనిపిస్తున్నాయి.

కరుణాకర్‌కు కూడా కనిపించింది. వాకిలి కనిపించింది, నాయిన చెట్టెక్కే మోకు తగిలించే గుంజ కనిపించింది, తాను అజ్మాన్‌కు వెళ్ళేనాడు తల్లి నిలబడిన గడప కనిపించింది. ఇంకా బాగా చూద్దామని మెడ చాచాడు.

"బాపు."

ఎవరో పిలుస్తున్నారు. అతను వినిపించుకోలేదు.

"బాపు, నువ్వు సుత లేచినవ్."

తిరిగి చూసి నిర్ఘాంతపోయాడు. కుడిపక్కన ప్రవళిక ఒక్కతే ఉంది, బల్లను రెండు చేతులా పట్టుకుని. ఆమె బల్ల అతని ఛాతీ ఎత్తుకు లేచి ఉంది. ఇంజన్ హ్యాండిల్ అతని చేతిలో లేదు. లేవద్దని చెప్పినవాడు, పడవ చేసినవాడు, అందరితో కలిసి ఎడమ అంచున నిలబడి ఉన్నాడు. అప్పుడే ఆ అంచు మీదుగా నీళ్ళు లోపలికి దిగాయి.

ఎలా దూకాడో తెలియదు, కుడిపక్కకు పడ్డాడు. "కూసోండ్రి," అని అరిచిన అరుపు తనదేనని కూడా గుర్తుపట్టలేదు. ముసలివాళ్ళు పడవలోకి చేరిన నీళ్ళలోనే ఎక్కడివాళ్ళక్కడ చతికిలబడ్డారు. పడవ ఈ పక్కకు ఒరిగి, ఆ పక్కకు ఒరిగి, సగం నిండిన తొట్టిలా నిలిచింది. గుట్ట దాకా వెళ్ళనే లేదు. పోశం తాంబాళంతో నీళ్ళు తోడుతూ ఉంటే వెనక్కి తిరిగి వచ్చారు.

ఒడ్డున రాములవ్వ తడిచీర పిండుకుంటూ కొడుకు దగ్గరికి వచ్చింది. కుండ ఎప్పుడు నీళ్ళలోకి జారిపోయిందో ఎవరూ చూడలేదు.

"బోనం మన ఇంట్లనే దిగింది కొడుకా," అంది. ఆమెకు భయమే లేదు. అది చూసి కరుణాకర్‌కు ఇంకా భయమేసింది.

అప్పుడు తెలిసివచ్చింది అతనికి. అజ్మాన్ పడవల్లో మనుషులు బస్తాల్లా కూర్చున్నారంటే, ఆ సముద్రం కింద ఎవరి ఇల్లూ లేదు. లేచి చూసేందుకు అక్కడ తమది అనేది ఏముంది గనక? నీలిది అడిగినప్పుడు ఈ మాట తట్టి ఉంటే! అది ఆరాలు తీసింది నిజంగా పిల్లనిచ్చే తండ్రి లాగానే, ఈ ముసలివాళ్ళను ఏ పడవ చేతిలో పెడుతున్నావో ముందే చూసుకొమ్మని. తాను వేళాకోళం చేశాడు.

మరుసటి ఆదివారం షెడ్డులో ప్రవళిక నీలిదాన్ని తెరిచింది. పాత పడవ కొలతలన్నీ ఎక్కించి, మనుషులందరినీ ఎడమపక్క నిలబెట్టింది. సన్నగీతల పడవ ఒరిగింది, ఇంకా ఒరిగింది, తలకిందులై ఆగింది. బయట ఆటో వెళ్ళిన చప్పుడుకు ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"మొన్న నువ్వొక్కదానివి కూసున్నవు గన్క సరిపోయింది బిడ్డా," అన్నాడు కరుణాకర్.

"నాకు ఎటు దిక్కు సూడాల్నో తెల్వకనే కూసున్న బాపు."

ఆ మాట అతనికి సూటిగా తగిలింది.

"కొత్తది గీయి. అడుగు కోసు వద్దు, సాపుగ వెడల్పుగ వెయ్యి. సిరిసిల్ల నీళ్లకు అజ్మాన్ ముక్కెందుకు."

ఆమె ఒక్కొక్కరినీ ఎక్కించసాగింది. పోశం, ఎడమపక్క, నిలబడి. రాములవ్వ, ఎడమపక్క, నిలబడి. అందరూ అయ్యాక చివరి గడి దగ్గర, "నడిపేటోడు, నడుమల, కూసోని," అనుకుంటూ రాయబోయింది.

"అట్ల గాదు. వాడు సుత లేస్తడు."

"నడిపేటోడు లేస్తే ఎట్ల బాపు?"

"లేస్తడు. ఎడమ దిక్కు, నిలవడ్డట్టు రాయి."

ప్రవళిక తండ్రి ముఖంలోకి చూసి, అలాగే రాసింది. పడవ మళ్ళీ తిరగబడింది. వెడల్పు పెంచింది. తిరగబడింది. ఇంకా పెంచింది. సాయంత్రం రాములవ్వ టీ గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి, తెర మీద పళ్ళెంలాంటి వికారపు పడవ ఒకటి ఎడమకు కొంచెం వంగి, అందరినీ మోస్తూ నిలబడి ఉంది.

"ఈపారి నన్ను ఏడ కూసోవెడుతవురా?" అంది రాములవ్వ.

"కూసోకు అవ్వా," అన్నాడు కరుణాకర్. "నిలవడే సూడు."