స్లిప్పర్లతో వచ్చిన ఎలెన్

ఉదయం ఎనిమిదికి మొదలుపెట్టి పదకొండయ్యేసరికి ఎలెన్ మూడు వందల బన్నులు కోసి వెన్న రాసింది. కుడిచేతి చివరి రెండు వేళ్ళూ వంగవు కాబట్టి కత్తిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించి పట్టుకుంటుంది. ఆర్డెల్ ఊరి హాలు వంటగదిలో తొమ్మిది మంది ఆడవాళ్ళు. గుడ్లు వలిచేవాళ్ళు వలుస్తున్నారు, క్యాబేజీ తురిమేవాళ్ళు తురుముతున్నారు. మగవాళ్ళు బయట, ఒకప్పుడు ధాన్యం గిడ్డంగి ఉండిన చోట, మోకాలెత్తు గడ్డిలో నిలబడి అది ఎంత ఎత్తుండేదో ఒకరికొకరు చేతులెత్తి చూపించుకుంటున్నారు.

ఆర్డెల్‌లో ఇప్పుడు ఉంటున్నది పదకొండు మంది. రైలు పట్టాలు పీకేశారు, బడి మూసేశారు, ఎలెన్ భర్త నార్మన్ ఇరవై ఆరేళ్ళు మేనేజరుగా చేసిన సహకార దుకాణం నేలమట్టమైంది. అయినా అయిదేళ్ళకోసారి జూలైలో, ఇక్కడ పుట్టినవాళ్ళూ ఇక్కడ కాపురం చేసినవాళ్ళూ కెనడాలోని ఈ సస్కచెవాన్ రాష్ట్రం నలుమూలల నుంచీ, పక్కనున్న అల్బర్టా నుంచీ కార్లేసుకుని వస్తారు. గోడ మీద అంటించిన పెద్ద కాగితంలో తమ ఇంటిపేరు వెతుక్కుంటారు. "మీ అమ్మమ్మా మా తాతా అక్కాచెల్లెళ్ళ పిల్లలేనట" అని అప్పటికప్పుడు చుట్టరికాలు కలుపుకుంటారు. అందరి చొక్కాల మీదా పేరు రాసిన చీటీలుంటాయి. ఎలెన్ చీటీ ఆడబిడ్డ డోరీన్ రాసింది. "ఎలెన్, నార్మన్ భార్య." అసలు పేరు ఒలేనా. పెళ్ళయిన వారానికే అత్తగారు, "ఉక్రెయిన్ పేర్లు మాకు నోరు తిరగవమ్మా, ఎలెన్ అనేసుకుందాం" అంది. నలభై ఎనిమిదేళ్ళుగా అదే పేరు. అయిదేళ్ళ కిందట సమావేశంలో తీసిన గ్రూపు ఫొటోలో ఆమె లేదు. ఫొటో తీసేటప్పుడు ప్లేట్లు కడుగుతోంది. అంతకు ముందు ఫొటోలో కూడా లేదు.

"ఎలెన్ ఆంటీ, ఒక్క నిమిషం బయటికి రాగలరా?"

గుమ్మంలో కారోల్ నిలబడి ఉంది. పాత పక్కింటి ఐవీ కూతురు. యాభై దాటాయి, రెడ్ డీర్ పట్నంలో నర్సు. ఐవీ మార్చిలో పోయింది. ఎలెన్ చేతులు తుడుచుకుని వెనక మెట్ల మీదికి వెళ్ళింది. కారోల్ తలుపు దగ్గరగా వేసింది. కష్టమైన మాట చెప్పబోయే నర్సులా నిలబడింది.

"చివరి వారంలో అమ్మ మీ గురించే మాట్లాడింది. ఈ మాట మీకు తప్పకుండా చెప్పమంది. 'ఆ రోజు ఎలెన్ తలుపు కొడితే నేను కర్టెన్ వెనకే ఉన్నాను, తియ్యలేదు. చెప్పు దానికి' అంది."

"ఏ రోజు? నాకేం గుర్తు లేదే" అంది ఎలెన్.

"నాన్న మీ ఆయన దగ్గర పనిచేసేవాడు కదా. తలుపు తీస్తే ఆ ఉద్యోగం ఏమవుతుందోనని భయపడిందట. మీ గోడకూ మా గోడకూ మధ్య పన్నెండు అడుగులేగా ఆంటీ. అన్నీ వినపడేవట."

"పాపం, పెద్దవయసు. ఏవేవో కలగాపులగం అయిపోతాయి" అంటూ ఎలెన్ ఆ పిల్ల భుజం తట్టింది. ఏ రోజో కారోల్ చెప్పనక్కర్లేదు. మళ్ళీ లోపలికొచ్చి కత్తి అందుకుంది గానీ, ఏ బన్నుకు వెన్న రాసిందో ఏది మిగిలిందో తెలియలేదు.

నలభై ఏళ్ళుగా ఆమె ఒక నమ్మకం మీద బతికింది. ఎవరికీ తెలియదన్న నమ్మకం. అది ఊరికే వచ్చింది కాదు, కష్టపడి కట్టుకున్నది. ఎండాకాలంలో పొడుగుచేతుల జాకెట్లు, వాచిన చెంప గోడవైపు ఉండేలా చర్చిలో ఎడమవైపు బల్ల, గట్టిగా పెట్టిన రేడియో, ఇల్లు తుడిచినంత శ్రద్ధగా తుడిచిన ముఖం. ఆమె ఇన్నేళ్ళలో చేసిన పనుల్లో అన్నిటికంటే పెద్దది అదే. దానికి సెలవు లేదు, ఎవరూ మెచ్చుకున్నదీ లేదు. నార్మన్ చెయ్యి చేసుకోవడం తొంభై ఒకటిలో మానేశాడు. ఎందుకు మానేశాడో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. ఇప్పుడు డెబ్భై నాలుగేళ్ళు. కళ్ళు మసకేసి కారు నడపడం మానేశాక, వీధి దాటేటప్పుడు ఆమె మోచెయ్యి పట్టుకుంటాడు. పెద్దవాడయ్యాడు, మెత్తబడ్డాడు, పోనీలే అనుకుంది. ఆ పోనీలే అనడానికి ఎవరికీ తెలియకపోవడమే ఆసరా. తెలియదు కాబట్టే, ప్రతి సమావేశంలోనూ తనను చూసి ఊరివాళ్ళు నవ్వే నవ్వును ఆమె క్షమించగలిగింది. పన్నెండు అడుగులు. ఐవీ ఏనాడూ ఏమీ అడగలేదు, కానీ ప్రతి శనివారం ఒక బ్రెడ్డు తెచ్చి ఇచ్చేది. ఎందుకు తెచ్చేదో ఇన్నేళ్ళలో ఎలెన్‌కు ఒక్కసారైనా తోచలేదు.

భోజనాలయ్యాక జ్ఞాపకాలు చెప్పుకునే కార్యక్రమం. మైకు ఎప్పుడూ నార్మన్‌దే. ఒకాయన లేచి, "క్రిస్మస్ పొద్దున మా వాడి బొమ్మకు బ్యాటరీ లేదంటే నార్మన్ పైజామా మీద కోటేసుకొచ్చి కొట్టు తెరిచాడు" అన్నాడు. చప్పట్లు. ఇంకొకాయన, మంచుతుఫానులో హాకీ పిల్లలందరినీ నార్మన్ తన వ్యానులో ఎలా ఇళ్ళకు చేర్చాడో చెప్పాడు. అవన్నీ నిజాలే. ఎలెన్ వంటగది గుమ్మంలో తుడుపుగుడ్డ భుజాన వేసుకుని విన్నది.

"సరే, ఇక మా వదిన స్లిప్పర్ల కథ లేకుండా ఆర్డెల్ పండగ ఎట్లా అవుతుంది?" అంటూ డోరీన్ మైకు అందుకుంది. కథ మొదలవకముందే సగం హాలు నవ్వేసింది. "డెబ్భై తొమ్మిది ఫిబ్రవరి. బయట మైనస్ నలభై డిగ్రీల చలి. మేమంతా కర్లింగ్ షెడ్డులో ఐసు మీద రాళ్ళు జారుస్తూ ఆటలో ఉన్నాం. తలుపు తెరుచుకుంది. చూస్తే మా వదిన. కోటుంది, టోపీ లేదు. ఒక చేతికే తొడుగు. కాళ్ళకేమో గులాబీరంగు గుడ్డ స్లిప్పర్లు. తెల్లబోయి చూస్తుంటే ఏమందో తెలుసా? అదే చెప్పాలి. రా వదినా, నీ మాట నువ్వే చెప్పు."

ఆ మాట ఎలెన్‌దే. "ఆటకు ఆలస్యమవుతుందని పరిగెత్తుకొచ్చాను" అని ఆమే అంది ఆ రోజు, అందరూ తన కాళ్ళవైపే చూస్తుంటే ఏదో ఒకటి అనాలి కాబట్టి. ప్రతి సమావేశంలోనూ మైకు ఆమెకిస్తారు, ఆమె ఆ ఒక్క వాక్యం చెబుతుంది, హాలు గొల్లుమంటుంది, ఆమె కూడా నవ్వి వంటగదిలోకి వెళ్ళిపోతుంది.

డోరీన్ మైకు చాపింది. ఎలెన్ అందుకుంది. ముందు వరుసలో నార్మన్ అప్పటికే నవ్వుతున్నాడు.

"నేను బడిలో టైపిస్టు ఉద్యోగానికి అర్జీ రాసుకున్నాను" అంది ఎలెన్. "మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు నార్మన్ అది చూశాడు. కొట్టు మేనేజరు పెళ్ళాం ఊళ్ళో పనికి పోతే జనం ఏమనుకుంటారన్నాడు. నా కుడిచెయ్యి తలుపు సందులో పెట్టి తలుపు మూశాడు. రెండుసార్లు. తర్వాత నన్ను బయటికి తోసి గడియ పెట్టుకున్నాడు. బూట్లు లోపల ఉండిపోయాయి. ఒక చేతికే తొడుగు ఎందుకంటే రెండోది వాచిపోయి తొడుగు పట్టలేదు, జేబులో దాచుకున్నాను. ఊళ్ళో తలుపు కొట్టకుండా వెళ్ళగలిగే వెచ్చటి చోటు షెడ్డొక్కటే. అందుకని వచ్చాను. మంచు మీద జారిపడ్డానని డాక్టరుకు అతనే చెప్పాడు."

ఎవరో పిల్లాడు కుర్చీ లాగాడు. డోరీన్ మైకు తీసుకోబోయింది, ఎలెన్ ఇవ్వలేదు. ఒకాయన లేచి కాఫీ ఉందేమో చూస్తానని వెళ్ళిపోయాడు. "పాత విషయాలు" అని ఎవరో గొణిగారు. ఎలెన్‌కు అరిపాదాలు చల్లబడ్డాయి. వీళ్ళు నమ్మరు, ముసలిదానికి మతి పోయిందనుకుంటారు, ఇక ఈ హాల్లో నా ముఖం ఎక్కడ పెట్టుకోను అనుకుంది.

అప్పుడు వెనక వరుసలో బెర్నిస్ కర్ర ఆనించుకుని లేచింది. ఎనభై ఏడేళ్ళ మనిషి, ఒకప్పుడు ఊరి పోస్టాఫీసు నడిపింది.

"అది గురువారం" అంది బెర్నిస్. "నీకు కాఫీ ఇచ్చింది నేనే. ఎడమచేత్తో తీసుకున్నావు. నీ జేబులోంచి రక్తం కారి కోటు తడిసింది, అది నేను చూశాను ఎలెన్. చూసి కూడా నిన్ను కారెక్కించి మళ్ళీ అతని ఇంటి ముందే దింపాను. దారంతా వాతావరణం గురించి మాట్లాడాను."

కూర్చోలేక నిలబడే ఉంది. ఆమె పక్కనున్న ఇద్దరు ముసలమ్మలు తమ ఒళ్ళోకి చూసుకుంటున్నారు. వాళ్ళూ ఆ రోజు ఆటలో ఉన్నవాళ్ళే. ఎలెన్ వరసగా ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ పోయింది. ఆశ్చర్యపోయినవాళ్ళు పిల్లలు, మనవలు, ఈ ఊరికి తర్వాత కోడళ్ళుగా అల్లుళ్ళుగా వచ్చినవాళ్ళు. తన ఈడువాళ్ళలో ఒక్కరు కూడా ఆశ్చర్యపోలేదు. ఇన్నేళ్ళూ ఎనిమిది సమావేశాల్లో తనతో కలిసి నవ్వింది వీళ్ళే.

మైకు బల్ల మీద పెట్టి ఆమె వంటగదిలోకి వెళ్ళింది. ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించింది. సింకు నిండా ప్లేట్లున్నాయి. అలాగే వదిలేసింది.

బయట నార్మన్ కారులో ముందు సీటులో కూర్చుని బెల్టు పెట్టుకుని ఉన్నాడు. డోరీన్ కిటికీ దగ్గర నిలబడి అతని భుజం నిమురుతోంది. ఎలెన్ తాళంచెవి తీసి డోరీన్ చేతిలో పెట్టింది.

"మీ అన్నయ్యను నువ్వు తీసుకెళ్ళు. రాత్రి మాత్రలు మూడు, తెల్లది భోజనానికి ముందు."

"అదేంటి వదినా, నువ్వెక్కడికి? అంత పెద్ద మాట అనేసి…"

ఎలెన్ వెనక తలుపు తెరిచి తన సంచి తీసుకుంది. నార్మన్ ఆమె ఉన్నవైపు కాక కొంచెం పక్కకు చూస్తూ, గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు. ఇంట్లో ఆ గొంతు ఆమెకు తెలుసు.

"నలభై ఏళ్ళు అయింది. నేను మారలేదా? ఇంతమంది ముందు నన్ను నిలబెట్టి ఏం బావుకున్నావు? వీళ్ళకేం తెలుసని చెప్పావు?"

"అందరికీ తెలుసు నార్మన్" అంది ఒలేనా. "తెలియదనుకున్నది మనిద్దరమే."

అతను ఇంకేదో అన్నాడు. ఆమె అప్పటికే గడ్డిలోంచి కారోల్ కారువైపు నడుస్తోంది. కారోల్ కారు తలుపు తెరిచింది. ముందు సీటు మీది సామాన్లు వెనక్కి వేసి, దుమ్ము దులిపి, చోటు చేసింది.