ప్రదర్శనకెక్కిన అట్ల పెనం

నేను ఒక ఇనుప పెనాన్ని. పోతపోసింది సామర్లకోట దగ్గరే అయినా, నా బతుకు మొదలైంది మాత్రం విశాఖ చేపల రేవు పక్కన, నూకరత్నం టిఫిన్ బడ్డీలో. కొత్తలో పోసిన ప్రతి అట్టూ నాకు అంటుకుపోయేది. ఆవిడ విసుక్కోలేదు. రోజూ ఉల్లిపాయ చెక్కను నూనెలో ముంచి, రుద్ది రుద్ది నన్ను దారికి తెచ్చింది. ఆ తర్వాత అట్లకాడ తగిలిస్తే చాలు, అట్టు లేచి వచ్చేది.

ఒకరోజు శర్వాణి అనే కళాకారిణి వచ్చి, అంతర్జాతీయ కళా ప్రదర్శనలో పెట్టడానికి నన్ను నెల రోజులు ఇమ్మంది. పొరుగింటి పెళ్లికి గుండిగ ఇచ్చినట్టే అనుకుంది నూకరత్నం. తన పనికి ఎవరిదో పాత పెనం తెచ్చుకుని, నన్ను శుభ్రంగా తుడిచి మరీ ఇచ్చింది.

మొదటి రోజే నా నట్టనడుమ డ్రిల్లుతో చిల్లు పెట్టి, తీగ గుచ్చి పైకప్పుకు వేలాడదీశారు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు అంటారు మనుషులు. పొయ్యి నాకు పుట్టిల్లు. దానికన్నా హీనమైన చోటు ఉంటుందని అప్పుడే తెలిసింది. ఎదురుగా కుళ్లిన కూరగాయల గుట్ట, దాని పేరు ‘ఆకలి’. ముక్కు మూసుకుని మరీ మెచ్చుకునేవారు. పక్కనే ఎవరెవరివో కత్తిరించిన జుట్టు కూరిన పరుపు. చూస్తేనే ఒళ్లు జలదరించేది. గొట్టాలతో రేకుల మీద వాన కురిపించే గది ఒక్కటే నాకు నచ్చింది. ఆ చప్పుడు వింటే బడ్డీలో ఉన్నట్టే ఉండేది. తీరా దాని తుంపరే నాకు తుప్పు పట్టించింది. తుడవబోయిన కాపలామనిషిని శర్వాణి ఆపి, అది కాలం చేసిన అలంకారమంది. నాకు రోత పుట్టింది.

చివరి రోజు నూకరత్నం సంచీ పట్టుకుని వచ్చింది. శర్వాణి నన్ను దింపి గర్వంగా చేతికిచ్చింది. తుప్పుదేముంది, తోమితే పోతుందనుకుంటూ నూకరత్నం కొంగుతో తుడిచింది. వేలు చిల్లులోకి దూరింది.

“బొక్కెట్టీసినారేటమ్మా?” అంది నెమ్మదిగా. “పిండి కారిపోద్ది కదా.”

శర్వాణి కళ్లు చెమర్చాయి. ఫోను తీసి, ఆ మాట మళ్లీ ఒకసారి అనమంది. నూకరత్నం అనలేదు. నన్ను బల్ల మీద పెట్టి, ఖాళీ సంచీతో వెళ్లిపోయింది.

ఇప్పుడు విదేశంలో ఒక మ్యూజియంలో వేలాడుతున్నాను. ‘పిండి కారిపోద్ది’ అన్నదే నా పేరట. చూసినవాళ్లు ఎంత లోతో అని తలలూపుతారు. లోతూ లేదు, గీతూ లేదు. నూకరత్నం నోటికాడి కూడు తీసేశారు, అంతే.