మూత బిగించిన సీసా

సీసాకి మూత బిగించి పారేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. లోపల గాలి ఉండిపోయి, అణిచే యంత్రంలో పడగానే ఢామ్మని పేలుతుంది. ఆదివారాలు ఇంటింటికీ తిరిగి మరీ చెబుతాను. "సీసాలు ఒక్కసారి కడగండమ్మా, మూతలు తీసెయ్యండి, సంచీలో పెట్టి ముళ్ళు వెయ్యకండి, ఆ ముళ్ళు విప్పేది మా వేళ్ళే. సూదులు మాత్రం చచ్చినా ఇందులో వెయ్యొద్దు. గట్టి డబ్బాలో పెట్టి ఆసుపత్రిలో ఇచ్చెయ్యండి." అందరూ తలలూపుతారు. ఊపడానికేం, ఖర్చు లేని పని.

మా షెడ్డులో పొడవాటి బెల్టు, దానికి అటూ ఇటూ పన్నెండుమంది ఆడవాళ్ళం. చెత్త బండ్లు తెచ్చి పోసినదంతా మా ముందునుంచి కదిలిపోతుంటే ఒకరు అట్టలు ఏరుతారు, ఒకరు రేకు డబ్బాలు. నేనూ, నా ఎదుట నిలబడే పిచ్చుకా ప్లాస్టిక్ సీసాలు. మనిషి పిడికెడే, నోరు మాత్రం రోజంతా ఆగదు, అందుకని ఆ పేరు. నాలుగు నెలల పాప తల్లి. మధ్యాహ్నం వాళ్ళమ్మ పాపని తెస్తే వెనక గదిలో పాలిచ్చి వస్తుంది. సూపర్‌వైజర్ ఈల వేస్తే తప్ప బెల్టు ఆగదు, బాత్రూముకి వెళ్ళాలన్నా ఆయన వైపు చెయ్యెత్తాలి. ఆయన్ని ఈలాయన అంటాం.

మంగళవారం పది గంటలకి పిచ్చుక "అబ్బా!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. బండిలో నలిగి పక్క పగిలిన ఒక సీసాలోంచి సూదులు బయటికొచ్చాయి. ఒకటి గ్లవుజులోంచి ఆమె వేలికి దిగింది. ఈల పడింది, బెల్టు ఆగింది. ఈలాయన పటకారతో ఆ సీసా ఎత్తి అందరికీ చూపించాడు.

"ఎవరిదో కనిపెడతాను. మనవాళ్ళ ఇంట్లోదని తేలిందా, మర్నాటినుంచి పన్లోకి రానక్కర్లేదు!"

నూనె సీసా. మెడకి నీలం టేపు. మూత దగ్గర కారుతోందని పోయిన నెలలో ఆ టేపు చుట్టింది నేనే. మంగళవారం వచ్చేది మా వీధి బండి. మా అత్తయ్యకి షుగరు, పూటకో సూది. వాడినవి ఏంచేస్తున్నారని ఒకసారి అడిగితే "పారేస్తున్నాలే" అంది. ఎక్కడ అని అడగలేదు, అలిసిపోయి ఉన్నాను. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తాను కుడితిలో పడ్డట్టయింది.

ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. బెల్టు మళ్ళీ కదిలింది.

మధ్యాహ్నం పిచ్చుక వేలికి కట్టుతో ఆసుపత్రినుంచి వచ్చింది. వాళ్ళమ్మ పాపని ఎత్తుకుని నిలబడి ఉంది. తల్లిని చూడగానే పాప ఆమె మీదికి ఉరికింది. పిచ్చుక రెండు చేతులూ గుండెకి అదుముకుని వెనక్కి జరిగింది. జాకెట్టు తడిసిపోతోంది.

"ఆ సూదిలోంచి రోగమేమైనా అంటిందో లేదో తేలేదాకా పాలివ్వొద్దన్నారక్కా. పోతపాలు నోట పెట్టడం లేదు. ఆ సీసా ఎవరిదో తెలిస్తే వాళ్ళ రక్తం పరీక్ష చేసి ఒక్క పూటలో చెప్పేస్తారట. తెలియకపోతే నెలల తరబడి పరీక్షలేనట."

"తెలుస్తుందిలే" అన్నాను. ఆ మాట అన్న నోరు నాదే. ఇప్పటికీ అసహ్యం వేస్తుంది.

ఆమె ఇంటికి వెళ్ళిపోయింది. నేను ఐదింటిదాకా అక్కడే నిలబడ్డాను. చెప్తే కూడు పోతుంది, చెప్పకపోతే పాప ఏడుపు చెవిలోంచి పోదు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. చెయ్యెత్తితే చాలు, ఈలాయన వస్తాడు. ఎన్ని వేల సీసాలు ఏరాయో నా చేతులు, ఆ ఒక్క పనికి మాత్రం లేవలేదు.

ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య ఇంకో సీసా కడిగి బోర్లిస్తోంది.

"సూదులు ఎందులో వేస్తున్నారత్తయ్యా?"

"సీసాలోనే. మూత కూడా గట్టిగా బిగిస్తాను. విడిగా వేస్తే అక్కడ నీ చేతికి గుచ్చుకుంటాయని."

గడప మీద కూలబడి ఏడ్చేశాను. "గుచ్చుకుంది. నాక్కాదు." అంతా చెప్పాను, ఉద్యోగం సంగతి కూడా.

అత్తయ్య చేతిలో సీసా పక్కన పెట్టేసింది. "ఆ పాప ఏం తాగుతోందే?" అంది. అప్పటికే ఆసుపత్రిలో పరీక్షల గది మూసేసి ఉంటుంది. తెల్లారి అది తెరిచేసరికి మేమిద్దరం తలుపు దగ్గరున్నాం. గంటలో కాగితం ఇచ్చారు. అత్తయ్య రక్తంలో అంటుకునే రోగమేదీ లేదు, పాలివ్వొచ్చని పిచ్చుకకి చెప్పమన్నారు.

ఇద్దరం షెడ్డుకి వెళ్ళేసరికి పని ఇంకా మొదలవలేదు. ఏమైనా తెలిసిందేమో అడుగుదామని పిచ్చుక పాపతో వచ్చి కూర్చుని ఉంది. అందరిముందూ చెప్పాను, నీలం టేపు దగ్గర్నుంచి. ఈలాయన కాగితం చదివి పిచ్చుకకి ఇచ్చాడు, తర్వాత నా ముందు చెయ్యి చాచాడు. సంచీలోంచి గ్లవుజులు తీసి ఇచ్చేశాను. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో గుండె తేలికపడింది.

పిచ్చుక గోడవైపు తిరిగి పాపని ఒళ్ళోకి తీసుకుంది. పాప గుటకలు వేస్తున్న చప్పుడు అందరికీ వినిపిస్తోంది. అత్తయ్య ఆమె దగ్గరికి వెళ్ళి "తప్పు నాదమ్మా, తెలియక చేశాను" అంది.

"మీకు తెలియదు పెద్దమ్మా" అంది పిచ్చుక. తర్వాత నావైపు చూసింది. రాత్రంతా నిద్ర లేని కళ్ళు.

"నిన్న ఆయన సీసా ఎత్తి చూపించినప్పుడే నీకు తెలుసు కదక్కా?"

అవునన్నాను.