రెండు గడియల వ్యవధి

నేను ఒక వడిసెలను. జనపనారతో పేనిన రెండు తాళ్లు, నడుమ రాయి పట్టేంత అల్లిక, అంతే నా ఒళ్లు. నన్ను పేనినవాడు ఓబుళమ్మ పెనిమిటి. జొన్నచేలో మంచె కట్టి, పాలకంకుల మీద వాలే చిలకలను తోలమని నన్ను భార్య చేతికిచ్చాడు. ఆయన పోయాక కూడా ఆమె నన్ను వదల్లేదు. మోకాళ్లు అరిగి మంచె ఎక్కలేని రోజు వచ్చాకే మనవరాలు నాగవేణికి అప్పగించింది. తాను మంచె కింద గోనెపట్టా మీద కూర్చుని, కాపలాకే కాపలా కాయడం మొదలుపెట్టింది.

నాగవేణి నన్ను తిప్పేది తక్కువ. ఒళ్లో కాగితాలు పెట్టుకుని జానపద నవల రాసేది. మనుషులు విచిత్రమైనవాళ్లు. ఎదురుగా ఉన్న చిలకలు కనబడవు గాని, లేని మాంత్రికుడు మీసాలతో సహా కనబడతాడు. ఆ మాంత్రికుడు భూమి చుట్టూ తిరిగేలా ఒక ఇనుప స్తంభాన్ని ఆకాశంలోకి ఎక్కించాడు. కొండ మీద నిలబడి, లోయంతా మారుమోగేలా నవ్వి, చెయ్యి దించాడు. రెప్పపాటులో స్తంభం కోట మీద పడింది. కోటలో ఒక్కరూ మిగల్లేదు.

పిల్లల పత్రిక సంపాదకురాలు ఫోను చేసి, కథ బాగుంది గాని ముగింపు వద్దంది. అందరూ చావకూడదు, మంత్రమేసి బతికించనూ కూడదు. నాగవేణి ఎన్ని విధాల రాసినా రెప్పపాటులో ఎవరూ తప్పించుకోలేకపోయారు. కోతల్లోపు దారి దొరక్కపోతే కాగితాలన్నీ పొయ్యిలో పెట్టి, ఇక రాయనని అవ్వతో చెప్పింది. ఆ పూట అవ్వ చిలకల్ని కూడా తిట్టలేదు.

పక్కచేను వాళ్ల రబియా కర్నూలులో డిగ్రీ చదువుతోంది, భౌతికశాస్త్రం. సెలవులకు వచ్చి, మంచె ఎక్కి, ఆ అధ్యాయం చదివి నవ్వింది.

"చెయ్యి దించితే రాలేదానికి అదేమన్నా చింతకాయనా మే?"

నాగవేణి మూతి ముడుచుకుంది. రబియా నన్ను అందుకుని, రాయి పెట్టి గిరగిరా తిప్పి ఒక కొస వదిలింది. రాయి ఆమె కాళ్ల దగ్గర పడలేదు, చేను దాటి పోయింది. పైన తిరిగే స్తంభానికీ పక్కకు పోయే పరుగు ఉంటుందని చెప్పింది, సెకనుకు ఏడు కిలోమీటర్ల పైమాటే. అది పడుతూనే ఉంటుంది గాని, పడేంతలో కింద భూమి వంగిపోతుంది. దించాలంటే ముందు ఆ పరుగు కాస్త తగ్గించాలి. అప్పుడు కూడా నిట్టనిలువునా రాదు, భూమిని సగం చుట్టి ఏటవాలుగా దిగుతుంది.

"ఎంతసేపు పడతాది?" అంది నాగవేణి.

"ముక్కాలు గంట. మీ రాజుల లెక్కలో రెండు గడియలు."

నాగవేణి రాసినట్టు, పడిన స్తంభాన్ని తర్వాత పక్కరాజు పెకలించుకుపోవడమూ కుదరదట. ఆ వేగంతో నేలను తాకిన ఇనుము కరిగి, తునాతునకలై చెదిరిపోతుంది, మిగిలేది గొయ్యి. అది విని నాకు కొంచెం గర్వమేసింది. అంత గొప్పగా పడినదానికి ఆత్మకథ చెప్పుకునే భాగ్యం లేదు.

నాగవేణి మెల్లగా, మాంత్రికుడు ముందే నవ్వాడు కదా, అంది. నవ్వకుండా పని మొదలుపెట్టే మాంత్రికుడు ఏ జానపద కథలోనూ లేడు. ఆ నవ్వు కోటలో వినబడుతుంది. వినబడినప్పటి నుంచి రెండు గడియలు.

కాగితాలు అందుకుంది. కోట తలుపులు తెరుచుకున్నాయి. పిల్లల్ని చంకనేసుకుని జనం ఎదురు కొండ అవతలికి పరుగెత్తారు. రాసింది రాసినట్టే అవ్వకు వినబడేలా చదివింది.

"రెండు గడియల్లో నాలాంటిది యాడికి పోతాదే?" అంది కిందనుంచి అవ్వ.

పెన్ను ఆగింది. అప్పుడే చిలకల గుంపు చేలో వాలింది. రబియా నాకోసం చెయ్యి చాచింది.

"ఉండనీ పాపా, తిననీ," అంది ఓబుళమ్మ. "ముందు ఆ ముసల్దాన్ని బండెక్కించనీ."

నేను మంచె గుంజకు వేలాడుతూ చూస్తున్నాను. చేలో చిలకలు తింటున్నాయి. కాగితం మీద ఒక ఎడ్లబండి కోట గుమ్మం దాటుతోంది.