మూడు డ్రైవుల్లో ఆదెమ్మ

నేను ఒక హార్డ్‌డిస్కుని. ఒక్క డిస్కుని. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, చీరాలలో మస్తాన్‌వలి ఫొటో స్టూడియోలో పనిచేసినన్నాళ్లూ ఇది ఎవరి బుర్రకూ ఎక్కలేదు.

ఏదో దేశపు ఫ్యాక్టరీలో, దుమ్ము పడని గదిలో నన్ను తయారుచేశారు. మస్తాన్‌వలి తన కంప్యూటర్లో బిగించగానే నన్ను నాలుగు భాగాలు చేశాడు, సి, డి, ఇ, ఎఫ్ అని. ఒకే గదిలో సుద్దముక్కతో గీతలు గీసినట్టు. సి తనకు ఉంచుకుని మిగతా మూడూ నెట్‌వర్క్‌లో షేర్ చేశాడు. ఆల్బమ్ డిజైన్ చేసే హేమలతకూ, వీడియో మిక్సింగ్ చేసే ఏసుబాబుకూ వాళ్ల కంప్యూటర్లలో నేను మూడు డ్రైవులుగా కనిపించేదాన్ని. వైరు అవతల కూర్చున్నవాళ్లకు అవి మూడు వేరు వేరు పెట్టెలే.

ఇక మొదలయ్యాయి నా తిప్పలు. ఒకరు తమ ఫైలు కోసం ఇటు లాగుతుంటే ఇంకొకరు అటు లాగేవారు. ఆలస్యమైతే ముగ్గురూ కలిసి నన్నే తిట్టేవారు.

అన్నిటికన్నా నా ప్రాణం తీసింది వాళ్ల జాగ్రత్త. పెళ్లి ఫొటోలు రాగానే మస్తాన్‌వలి డిలో వేసేవాడు. ఎందుకైనా మంచిదని హేమలత వాటిని ఇలోకి కాపీ చేసేది. ఆమె మీద నమ్మకం లేక ఏసుబాబు మళ్లీ ఎఫ్‌లో వేసేవాడు. నాలోంచి తీసి, వైరంతా తిప్పి, మళ్లీ నాలోనే పెట్టేవారన్నమాట. "మూడు చోట్ల ఉన్నాయన్నా" అనగానే మస్తాన్‌వలి నిశ్చింతగా కెమెరా కార్డు చెరిపేసేవాడు. నాకు నోరుంటే వీధి వినేలా అరిచేదాన్ని.

శిరీష అనే అమ్మాయి పెళ్లి ఫొటోలూ అలాగే వచ్చాయి. వాటిలో ఆమె నాయనమ్మ ఆదెమ్మ ఉంది. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని జన్మంతా కెమెరాను తప్పించుకు తిరిగిన మనిషి. ఆధార్ కార్డు మీది మొహాన్ని ఇంట్లోవాళ్లే పోల్చుకోలేరు. మనవరాలి మీద అక్షింతలు వేస్తూ ఒక్కసారి దొరికిపోయింది. ఆల్బమ్ పూర్తికాకముందే ఆవిడ కన్నుమూసింది. పెద్దకర్మకు పటం కట్టించాలని శిరీష స్టూడియోకు వచ్చింది.

అప్పటికే కొన్నాళ్లుగా నేను టిక్కుటిక్కుమంటున్నాను. ఫ్యాను చప్పుడనుకున్నారు.

"డి తెరుచుకోవట్లేదన్నా" అంది హేమలత.

"ఇలో ఉందిగా, తియ్యమ్మా."

అదీ రాలేదు. ఏసుబాబు కాలర్ సర్దుకుని, "నేను ఎఫ్‌లో వేశాగా, నన్నడగరే" అన్నాడు. ముగ్గురూ ఒకేసారి లాగారు. ఒక్కొక్కరుగా రండర్రా అని నాకొచ్చిన భాషలో మొత్తుకున్నాను. ఆ లాగుడుకు నా లోపలి సూది, ఫొటోలన్నీ రాసి ఉండే పళ్లేన్ని గీరేసింది. అంతటితో ఆగిపోయాను.

మస్తాన్‌వలి నన్ను ఊడదీసి చేతిలోకి తీసుకున్నాడు.

"మూడూ ఇందులోనేనా అన్నా?" అని అడిగింది హేమలత.

"ఇందులోనేనమ్మా. భాగాలు చేసింది నేనే. ఎప్పుడూ ఆలోచించలా" అన్నాడు తలెత్తకుండా.

గుంటూరులో రిపేరు చేసేవాడు కూడా పెదవి విరిచాడు. శిరీష గొడవ చెయ్యలేదు. "మా నాయనమ్మ ఇందులోనే ఉందిగా, ఇచ్చెయ్యండి" అని నన్ను కొంగులో చుట్టుకుని తీసుకెళ్లింది.

పెద్దకర్మనాడు పటం ఉండాల్సిన పీట మీద నన్ను పెట్టి దండ వేశారు. చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి ఈ ఇనప ముక్కకు దణ్ణం పెట్టుకుంటుంటే నాకు విసుగూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆవిడ నాలో మూడు చోట్ల అక్షింతలు వేస్తూ నిలబడే ఉంది. నా బయట ఒక్కచోట ఉంటే సరిపోయేది.