గడప లేని షట్టర్

పాసులు దొరికాయన్న కబురు వచ్చినప్పుడు నా రెండు చేతులకీ గోరింటాకు ఉంది. మంచం మీద ఫోన్ మోగుతోంది, తెర మీద భాను పేరు. ముక్కుతో నొక్కి ఎత్తాను. పెళ్లయి ముప్పై ఏడు రోజులైన మనిషి మొగుడి ఫోన్ కోసం ఏ అవయవమైనా వాడుతుంది.

"ఉదయా, కుదుపు వస్తుండు. నిజామాబాద్‌కే. ఆదివారం మూడు గంటలకు. రెండు పాసులు దొరికినయి," అన్నాడు భాను ఒక్క ఊపిరిలో.

కుదుపు అంటే మనిషి. అసలు పేరు శ్రీధర్, బోధన్ వాడే. బెంగళూరులో ఉంటూ డబ్‌స్టెప్ తయారు చేస్తాడు, తనే వేదిక మీద వాయిస్తాడు. డబ్‌స్టెప్ అంటే ఏమిటో భాను నాకు పెళ్లిచూపుల్లోనే చెప్పాడు. "నెమ్మదిగ కట్టుకుంట పోతరు. ఇగ ఇల్లు పూర్తయిందనుకునే టైంకు ఒక్కసారి కూలగొడ్తరు. గా కూలుడే డ్రాప్." ఇంత ప్రేమగా ఇల్లు కూలగొట్టే మనిషిని చేసుకోవచ్చని నాకు అప్పుడే అనిపించింది. బోధన్‌లో అతనికి ఇన్వర్టర్ బ్యాటరీల షాపు ఉంది. షాపు మూశాక లాప్‌టాప్ ముందు కూర్చుని తనూ ఏవో కట్టి కూలుస్తుంటాడు. కుదుపు పాటలు మేమిద్దరం ఒకే ఇయర్‌ఫోన్స్ చెరొక చెవిలో పెట్టుకుని విన్నాం. సగం సగం విన్నదాన్ని పక్కపక్కన నిలబడి ఎదురుగా ఒక్కసారి పూర్తిగా వినాలని మా కోరిక. పెళ్లయ్యాక మేం కోరుకున్న మొదటి పెద్ద విషయం అదే.

చిక్కల్లా అది ఆషాఢం కావడం.

మా పుట్టిల్లు రుద్రూర్ దగ్గర. తాతల కాలంలో కోస్తా నుంచి కాలవ నీళ్లు వెతుక్కుంటూ వచ్చిన కుటుంబం మాది. భానువాళ్లది ఎడపల్లి. ఆషాఢం రెండిళ్లకీ ఉంది కానీ నియమం ఒకటి కాదు. కొత్త అల్లుడూ అత్తగారూ ఒకే గడప దాటకూడదంటుంది మా అమ్మ హైమ. అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదంటుంది మా అత్తగారు భూమవ్వ. రెండూ కలిపి పాటిద్దామని పెళ్లి మాటల్లోనే తీర్మానించారు. పెళ్లి భోజనంలో పప్పు ఎలా వండాలన్నదాని మీద కూడా వాళ్లకి అంత సామరస్యం కుదరలేదు. అసలు కారణం ఎవరూ పైకి అనరు. నేను బీఎస్సీ చదివినదాన్ని, ఆషాఢం నుంచి తొమ్మిది నెలలు వేళ్ల మీద లెక్కపెడితే ఎండల్లో తేలతామని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన పన్నెండు రోజులుగా మొగుణ్ని ఫోన్‌లోనే చూడటం తేలికవుతుందా?

పైగా ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టే కుదుపుకి ఫంక్షన్ హాలు దొరికింది. విడదీసిన నెలే కలపబోతోందని సంబరపడ్డాను. సంబరం మొహం మీదికి రానివ్వడమే నేను చేసిన తప్పు.

"నేనూ వస్తాను," అంది అమ్మ.

"అంతమంది జనంలో ఏం జరుగుతుందమ్మా?"

"ఏమీ జరక్కుండా ఉండడానికే వస్తున్నాను."

సాయంత్రం భాను ఫోన్ చేశాడు. వాళ్ల వైపు అమ్మని అవ్వ అంటారు. "అవ్వ గూడ వస్తదట. 'పట్నం పోతనని అటే అత్తగారింటికి మలుపుకుంటవు, నాకు ఎరుకలేదా' అంటుంది." పాపం, తిరిగి తిరిగి ఇంకో రెండు పాసులు సంపాదించాడు.

ఆదివారం అమ్మా నేనూ బస్సులో, భానూ అత్తయ్యా బండి మీద నిజామాబాద్ చేరాం. ఊరి చివరన ఉంది ఆ ఫంక్షన్ హాలు. భాను కొత్త నల్ల టీషర్టు వేసుకున్నాడు. నేను అతని వైపు చూశాను, అతను నా వైపు చూశాడు, ఇద్దరు అమ్మలూ మా ఇద్దరి వైపూ చూశారు.

తలుపు దగ్గర ఆగిపోయాం. నల్ల గ్రానైట్ గడప, దాని మీద పోయిన పెళ్లి నాటి పసుపు, కుంకుమ బొట్లు.

"ఇది ఇల్లు కాదు గదా అవ్వ," అన్నాడు భాను.

"ఇల్లు గాకుంటె పసుపెందుకు వెట్టిండ్రురా?"

"వదినగారు చెప్పింది నిజమే. పసుపు రాశారంటే గడపే," అంది అమ్మ. పప్పు దగ్గర కలవని వాళ్లు గడప దగ్గర కలిశారు.

నలుగురం అక్కడే లెక్క వేశాం. నేనూ అత్తయ్యా కలిసి దాటకూడదు. భానూ అమ్మా కలిసి దాటకూడదు. నేను అమ్మతో వెళ్తే భాను బయట ఉండాలి, భాను అత్తయ్యతో వెళ్తే నేను బయట ఉండాలి. ఆ రెండూ మాకు వద్దు.

"అయితే మేమిద్దరం పోయొస్తం," అన్నాడు భాను ఏమీ ఎరగనట్టు.

"చీకట్లకా?" అంది అత్తయ్య. "ఏం అవసరం లేదు. ముందుగాల మేమిద్దరం లోపలికి పోయి సూసొస్తం. వియ్యపురాళ్లకు అడ్డమేం లేదు. మంచిగ కనవడితె ఎన్కనుంచి మిమ్మల్ని ఎట్ల పంపాల్నో ఆలోచిస్తం. మీరు గీడనే, ఎండల, అందరికి కనవడేటట్టు నిలవడుండ్రి."

గేటు దగ్గరి అమ్మాయి ఇద్దరికీ చెవుల్లో పెట్టుకునే చిన్న రబ్బరు బిరడాలు ఇచ్చింది. అత్తయ్య వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. "పాటకు పిలిసి చెవులు మూసుకొమ్మంటరా? బువ్వకు పిలిసి మూతి కట్టేసినట్టున్నది," అని కొంగుకు ముడేసుకుంది. వియ్యపురాళ్లిద్దరూ చేతులు పట్టుకుని, కుడికాళ్లు ముందు పెట్టి గడప దాటారు.

మేం ఒంటరిగా ఉండకూడదని వచ్చినవాళ్లు మమ్మల్ని ఒంటరిగా వదిలేసి వెళ్లిపోయారు. రెండు నిమిషాలు ఆ ఆనందంతోనే గడిచాయి. గేటు ఎదురుగా రుక్మాబాయి అనే ఆమె చెరకు రసం బండి ఉంది. రెండు గ్లాసులు తీసుకున్నాం. లోపల మొదటి బేస్, నేలని అదరగొట్టే ఆ లోతైన మోత, మొదలైంది. చేతిలోని గ్లాసులో రసం మీద గుండ్రటి అలలు లేచాయి. నా గ్లాసులో లేచిన అలే అతని గ్లాసులోనూ అదే క్షణంలో లేచింది. అది చూసి ఇద్దరం నవ్వుకున్నాం.

కానీ మూడున్నర అయింది. నాలుగైంది. అమ్మలు రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎత్తినా ఏం వినపడుతుంది? భాను గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"గోడ సన్న సప్పుళ్లన్ని మింగేస్తుంది ఉదయా. ఒట్టి బేస్ ఒక్కటే వస్తుంది," అన్నాడు. "అయిదుకల్లా అయిపోతది."

మళ్లీ సగమే దక్కుతోందన్న బాధ అతని గొంతులో వినపడింది. అతని పక్కన నిలబడి కూడా ఏమీ చేయలేకపోతున్నానని నాకూ దిగులేసింది.

రుక్మాబాయి ఖాళీ గ్లాసులు అందుకుంటూ అంది: "గడప పంచాయితీ ఇంటున్న గంట నుంచి. ఎన్క దిక్కు వంటోళ్ల షట్టరున్నది గదా. దానికి గడప లేదు. గడపుంటే అన్నం డేగిసల బండి ఎట్ల పోతది?"

పరుగెత్తాం. షట్టర్ సగం ఎత్తి ఉంది. నేల నున్నగా లోపలికి సాగిపోయింది. అయినా నేను షట్టర్ పడే గీతకి ఇవతలే ఆగాను, ఒకే కప్పు కింద ఉండకూడదని అత్తయ్య రేపు కొత్త నియమం తీస్తే? భాను నా పక్కనే నిలబడ్డాడు.

అక్కడి నుంచి కనపడేది వేదిక వెనక భాగం. కుదుపు వీపు మాకు పది అడుగుల దూరంలో ఉంది. గళ్ల చొక్కా, చెప్పుల్లేని కాళ్లు. ఎడమ మడమ నేలకేసి కొడుతూ, పాలు పొంగకుండా స్టవ్ తగ్గించినంత జాగ్రత్తగా తన మిషన్ మీది ఓ బిళ్లను తిప్పుతున్నాడు. అతని భుజం మీదుగా చూస్తే జనం, జనానికి ముందు శాటిన్ తొడుగుల పెళ్లి కుర్చీల్లో మా ఇద్దరు అమ్మలు. బిరడాలు కొంగులోనే ఉన్నాయి. అమ్మ కళ్లు మూసుకుని తల ఊపుతోంది. త్యాగరాజ ఉత్సవాలకి కూడా ఆమె అంతగా ఊపదు.

చప్పుడు ఒకదాని మీద ఒకటి లేచింది. కుదుపు చెయ్యి ఎత్తాడు. అంతా ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఒక్క ఇనుప కీచు, ఎక్కడో చెరకు గానుగ తిరిగినట్టు. తర్వాత అంతా కూలింది. నా పాదాల్లోంచి, మోకాళ్లలోంచి, గాజుల దాకా వచ్చింది ఆ కుదుపు. భాను నా చెయ్యి పట్టుకున్నాడు. సగం కాదు, పూర్తిగా విన్నాం.

అదే సమయానికి ముందు వరసలో అత్తయ్య లేచి నిలబడింది. చెయ్యి అడ్డంగా ఊపుతూ కుదుపుకి ఏదో చెబుతోంది. ఆ హోరులో ఎవరికి వినపడుతుంది? ఆమె మానలేదు.

అయిదింటికి కుదుపు టీ కోసం షట్టర్ వైపు వచ్చాడు. వెనకే అత్తయ్య, ఆమె వెనక అమ్మ.

"గానుగ గట్ల మొత్తుకోదు బిడ్డా," అంటోంది అత్తయ్య. "నువ్వు వెట్టింది కొత్త మిషన్‌ది. పాతది నడుమల ఒక్క గడియ ఆగుతది, మల్ల కీచుమంటది. మా పొలంల ఉన్నది, ఎడ్ల గానుగ. ఈ పదేండ్ల సంది దాన్ని ఎవలు తిప్పలే."

కుదుపు టీ గ్లాసు పట్టుకుని మరిచిపోయాడు. "రేపు వచ్చి రికార్డు చేసుకోవచ్చా అవ్వా? చెరకు లేదు కదా ఇప్పుడు?"

"వట్టిగనే తిప్పుతం. వట్టిగ తిరిగితేనే ఎక్కువ మొత్తుకుంటది."

అప్పుడు మమ్మల్ని చూసింది. "మిమ్మల్ని నిలవడమన్నది గీడనా?"

"ఇక్కడ గడప లేదత్తయ్యా," అన్నాను.

అత్తయ్య కిందికి చూసింది. షట్టర్ కింద నేలని బొటనవేలితో రాసి చూసింది. గడప లేదు. పట్టుకున్న మా చేతులు చూసింది. గోరింటాకు బాగా పండిందని మాత్రం అంది.

"భానూ, మీ బాపుకు ఫోన్ గొట్టు. గానుగకు గ్రీజు గిట్ల పెడ్తడేమో, ముట్టొద్దను," అని, మా అమ్మ వైపు తిరిగింది. "వదినె, నువ్వు గూడ రా, పొలంల గడప యాడిది? పది గంటలకు. కోడలా, నువ్వు పొద్దుగాలనే రావాలె. ఎడ్లు లేవు. రేపు ఆ గానుగ దూలం పట్టుకుని భానూ నువ్వే తిప్పాలె."